అయిదో అంతస్తు దగ్గర ఆగిపోయే ఆట

ఆమెను అందరూ టంకమ్మ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది, ముప్ఫై ఏడేళ్లుగా టంకం పెట్టి బతుకుతున్న మనిషికి వీధి తగిలించిన పేరు. అసలు పేరు కాగితాల్లో భద్రంగా ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఎవరినో అనుకుని ఆమె కూడా వెనక్కి తిరిగి చూస్తుంది. చెప్పుల కొట్టుకూ ఫోటో స్టూడియోకూ మధ్య ఆమె షాపు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే. మొరాయించిన మిక్సీలు, మాట వినని రిమోట్లు, గురక పెట్టే రేడియోలు అన్నీ అక్కడికే చేరతాయి. ఈ పనంటే ఇష్టమా అని అడిగితే, "ఇష్టానికేముంది, చేతికొచ్చిన పని" అంటుంది. ఏడాదిగా మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి మెడ పట్టేస్తోంది, కళ్లు మసకబారుతున్నాయి, షాపు ఎవరికైనా అప్పగించి గోడవైపు తిరిగి పడుకోవాలనిపిస్తోంది.

అలాంటి ఒక మధ్యాహ్నం వీధి చివరి పళ్ల డాక్టరు వచ్చాడు. నలభై ఏళ్ల నెమ్మదస్తుడు. ఎదుటివాళ్లు నోరు తెరుచుకుని ఉంటే తప్ప మాట్లాడటం చేతకాని రకం. చంకలో సంచీ, సంచీలో తువ్వాలు, తువ్వాల్లో ఒక బూడిదరంగు పెట్టె. పెట్టె మూల కనబడగానే టంకమ్మ చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసింది.

"ఇది మీరు చూసి ఉండరమ్మా. పాత వీడియో గేమ్ పెట్టె. చాలా తక్కువ అమ్ముడయ్యాయి. ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు. నా దగ్గర ఉన్నదొకటే," అన్నాడు డాక్టరు, చంటిపిల్లను చూపించినట్టు.

చూడకపోవడమేమిటి! తొమ్మిది వందల పెట్టెలు ఆమె చేతుల మీదుగానే వెళ్లాయి. ఆ మాట మాత్రం ఆమె అనలేదు. "ఏమైంది దీనికి?" అని అడిగింది.

ఏమైందో చెప్పడానికి డాక్టరు అరగంట తీసుకున్నాడు. లోకం మరిచిపోయిన గేమ్ పెట్టెలంటే ఆయనకు పిచ్చి. అలాంటి పిచ్చివాళ్లు దేశదేశాల్లో ఉన్నారట, ఇంటర్నెట్‌లో ఒకచోట పోగవుతారట. ఒక్కో పెట్టెనూ విప్పి, చిప్‌లో ఉన్న ప్రోగ్రామును బయటికి తీసి, కంప్యూటర్లో ఎమ్యులేటర్ రాస్తారు. అంటే పాత పెట్టె ఎలా నడుచుకునేదో అచ్చం అలాగే కొత్త కంప్యూటరును నడిపించే ప్రోగ్రామన్నమాట. రేపు పెట్టెలన్నీ తుప్పుపట్టి పోయినా ఆట మిగులుతుంది. ఈ పెట్టెకు ఎమ్యులేటర్ రాసింది ఈయనే. కంపెనీవాళ్ల చివరి సర్క్యూట్ కాగితం ఎక్కడో పాత సామాన్లలో దొరికితే, దాన్ని గీత గీతా చూసి రాశాడు.

"అయితే నాదాంట్లో ఏదో తప్పుంది. అసలు పెట్టెలో ఆట అయిదో అంతస్తు దగ్గర ఆగిపోతుంది. ఆగిపోయి కూత పెడుతుంది. నా ఎమ్యులేటర్‌లో ఆగట్లేదు. ఎనిమిది నెలలుగా ఆపడానికి చూస్తున్నానమ్మా, ఆగి చావట్లేదు."

టంకమ్మకు నవ్వొచ్చింది. "ఆగినదాన్ని ఆడించమని వస్తారు అందరూ. ఆడేదాన్ని ఆపమని వచ్చినవాళ్లు మీరొక్కరే."

"అచ్చం అలాగే ఉండాలి కదమ్మా. తప్పుతో సహా." అంటూ లాప్‌టాప్ తెరిచాడు. అందులో వాళ్ల జాబితా ఉంది. ఈ పెట్టె ఎదురుగా రెండు వాక్యాలు రాసి ఉన్నాయి: అయిదో అంతస్తు దగ్గర ఆట ఆగిపోతుంది, ప్రోగ్రామరు తప్పు. కంపెనీ మూతపడటానికి కారణం ఇదే. అప్పటి పత్రికలో వచ్చిన ముక్కను చూసి ఆయనే రాశాడట.

ఆ ప్రోగ్రామరు టంకమ్మ అన్నయ్య.

ఆ రోజుల్లో అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే కంపెనీలో పని చేసేవాళ్లు. మేడ మీద గదిలో అన్నయ్య ఆట రాశాడు. ఏడంతస్తుల మేడలో బల్బులు మార్చుకుంటూ పైకెక్కే మనిషి ఆట అది. కింద హాల్లో చెల్లెలు బోర్డులకు టంకం పెట్టేది. అమ్మకానికి ముందు ఇరవై పెట్టెలు నమూనాగా చేశారు, బ్రహ్మాండంగా ఆడాయి. ఆ తర్వాత యజమాని తెర మీద పాయింట్ల అంకెలు పెద్దగా కనబడాలన్నాడు. అన్నయ్య ప్రోగ్రాములో ఆ చిన్న మార్పు చేశాడు. అమ్మకానికి వెళ్లిన తొమ్మిది వందల పెట్టెలూ అయిదో అంతస్తు దగ్గర కుయ్యిమని కూత పెట్టి ఆగిపోయాయి. ఇంకేం, మార్పు చేసినవాడి నెత్తిన నేరం పడింది. యజమాని అందరి ముందూ దులిపేశాడు. ఆరు నెలల్లో కంపెనీ చాప చుట్టేసింది. ఆ యజమాని మాత్రం ఆ తర్వాత ఫ్యాన్లు అమ్ముకుని హాయిగానే బతికాడు, అలాంటివాళ్లకేం కాదు.

అన్నయ్య వేబ్రిడ్జి దగ్గర లారీలు తూచి చీటీలు రాసే పనిలో కుదురుకున్నాడు. ఇంకెప్పుడూ కంప్యూటరు ముట్టలేదు. ప్రోగ్రాము కాగితాలు మాత్రం ఇంటికి తెచ్చుకుని, పనినుంచి రాగానే ఎర్ర పెన్సిలు పట్టుకుని తప్పు కోసం వెతికేవాడు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, పదకొండేళ్లు వెతికాడు. వదిన పోయాక ఆ కాగితాలు కట్టగట్టి అటక మీద పడేసి, చెల్లెలింట్లో ముందుగదిలోకి వచ్చేశాడు. టంకమ్మ భర్త బస్సు డ్రైవరు, ఇంట్లో ఉండేదే తక్కువ. బావమరిది ఉంటే ఇల్లు కనిపెట్టుకుని ఉంటాడులే అన్నాడు.

ఇదంతా డాక్టరుకు తెలియదు. పాపం, ఆయన లాప్‌టాప్‌లో ఆట ఆడించి చూపిస్తున్నాడు. బల్బుల మనిషి నాలుగో అంతస్తు దాటాడు. అయిదోదానికి మెట్లెక్కాడు. కూత రాలేదు. నీలం గోడలతో ఆరో అంతస్తు తెర మీదికొచ్చింది. కొన్న ఏ ఒక్కరూ ఆ అంతస్తు చూడలేదు. టంకమ్మ తెర దగ్గరికి వంగింది.

"పెట్టె ఇక్కడే ఉంచి వెళ్లండి. రెండు రోజుల్లో చెప్తాను," అంది.

డాక్టరు వెళ్లగానే షట్టరు సగం దించి పెట్టె విప్పింది. అచ్చయిన బోర్డులో ఒక రాగి గీత లేకుండా పోయిందని అప్పట్లో కంపెనీ ఒక ఉపాయం చేసింది. ఒక నీలం వైరు ముక్కతో ఈ చిప్ కాలును, అంటే దాని లోహపు పిన్నును, ఆ చిప్ కాలుకు కలిపి టంకం పెట్టాలి. కాళ్లు లెక్కపెట్టేది బోర్డు పైనుంచి, టంకం పెట్టేది బోర్డు తిరగేసి. తిరగేస్తే ఎడమ కుడి అవుతుంది, లెక్క తారుమారవుతుంది. అందుకని తిప్పే ముందు మొదటి కాలు దగ్గర ఎర్ర రంగు చుక్క పెట్టాలని నియమం. నమూనా పెట్టెలు ఇరవైకీ ఆమె చుక్క పెట్టింది. తొమ్మిది వందలు పది రోజుల్లో కావాలని సూపర్‌వైజరు నెత్తిమీద కూర్చున్నప్పుడు, చుక్కకు పట్టే సమయం కూడా దండగనిపించింది. చుక్క లేకుండానే ఒక్క బోర్డు చేసి, దాన్ని ఎదురుగా మేకుకు తగిలించి, దాన్ని చూస్తూ మిగతావన్నీ లాగించేసింది. తనిఖీ చేసేవాళ్లు ఒక్కో పెట్టెనూ రెండు నిమిషాలు ఆడి, రెండో అంతస్తు రాగానే పక్కన పెట్టేసేవాళ్లు.

ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే బోర్డు మీద ఎర్ర చుక్క లేదు. వైరు ఎడమనుంచి మూడో కాలుకు ఉండాల్సింది, కుడినుంచి మూడో కాలుకు ఉంది. ఆ టంకం బొట్టు తనదే, సందేహం లేదు. కొసన చిన్న తోక వదలడం ఆమె అలవాటు, ఈనాటికీ పోలేదు. ఆ వైరు వెళ్లాల్సింది అదనపు మెమరీకి, దానికోసం ఆట మొదటిసారి చెయ్యి చాపేది అయిదో అంతస్తులోనే. చెయ్యి చాపితే అక్కడ ఏమీ తగల్లేదు. డాక్టరు చూసి రాసిన కాగితంలో వైరు సరైన కాలుకే ఉంది, అందుకే ఆయన దాంట్లో ఆట ఆగలేదు. అంతే.

ఆమె వైరు విప్పి, ఉండాల్సిన కాలుకు పెట్టింది. మూలనున్న పాత టీవీకి తగిలించి ఆడింది. పెట్టె ఆరో అంతస్తుకెక్కింది. స్విచ్ ఆపేసి స్టూలు మీద కూలబడింది.

రెండు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. చెప్పకుండా ఉంటే ఏమవుతుంది? ఏమీ కాదు. తెలియలేదంటే డాక్టరు ఇంకో ఎనిమిది నెలలు కుస్తీపట్టి ఎలాగో ఆపుతాడు. జాబితాలో అన్నయ్య తప్పు అలాగే ఉంటుంది. అన్నయ్యకు అరవై నాలుగు, గుండెకు ఒకసారి వచ్చిపోయింది. చెబితే ఉన్న ఒక్క తోడబుట్టినవాడూ మొహం చూడడేమో. చెప్పకపోతే, చేయని తప్పును నెత్తిన పెట్టుకునే పోతాడు. మింగలేక కక్కలేక ఆదివారం దాకా నెట్టుకొచ్చింది. ఆదివారం పొద్దున్నే డాక్టరును లాప్‌టాప్‌తో ఇంటికి రమ్మంది.

అన్నయ్య ముందుగదిలో కుర్చీలో కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. డాక్టరును చూడగానే దవడ పట్టుకున్నాడు.

"నా పళ్లకేం కాలేదే! ఎందుకు పిలిపించావు?"

"పళ్లకు కాదన్నయ్యా. నీ ఆట తెచ్చారు. ఒక్కసారి ఆడి చూడు."

చాలాసేపు బతిమాలించుకున్నాడు. చివరికి కళ్లజోడు పెట్టుకుని మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. నాలుగో అంతస్తు దాకా వేళ్లు వాటంతటవే నడిచాయి. అయిదో అంతస్తు మెట్లెక్కేటప్పుడు ఆయన భుజాలు బిగుసుకోవడం ఆమెకు కనబడింది. కూత రాలేదు. నీలం గోడలు వచ్చాయి. ఆయన చెయ్యి తీసేశాడు. బల్బుల మనిషి మెట్టు మీద అలాగే నిలబడిపోయాడు.

"మీదాంట్లో తప్పుంది బాబూ," అన్నాడు డాక్టరుతో, చాలా మర్యాదగా. "ఇక్కడ ఆగాలి. నా ప్రోగ్రాం ఇక్కడ ఆగుతుంది."

"మీ ప్రోగ్రామా?" డాక్టరు నోరు తెరిచాడు, ఈసారి ఆయన వంతు. "నేనూ అదే అనుకున్నానండీ. తప్పు నాదేనని..."

ఇద్దరూ ఎవరికి వారు తప్పును తమ మీదే వేసుకుని తగువు పడేలా ఉన్నారు. టంకమ్మ కుర్చీ దగ్గరికి వచ్చింది.

"తప్పు ఆయనదీ కాదు, నీదీ కాదు. నాది," అని సంచీలోంచి బోర్డు తీసి అన్నయ్య ఒళ్లో పెట్టింది. "వైరు తిరగేసి పెట్టాను. చుక్క పెట్టకుండా లెక్కపెట్టాను. ఇప్పుడు మార్చాను, ఈ పెట్టె కూడా ఆడుతోంది. మొన్ననే తెలిసింది. ఒట్టు, మొన్నటిదాకా నాకూ తెలియదన్నయ్యా."

అన్నయ్య బోర్డును పైనుంచి చూశాడు. తిప్పి చూశాడు. వేలితో కాళ్లు లెక్కపెట్టుకున్నాడు, మళ్లీ తిప్పి మళ్లీ లెక్కపెట్టాడు.

"ఎన్ని?"

"అన్నీ. తొమ్మిది వందలూ."

డాక్టరు ఎటు చూడాలో తెలియక తెరనే చూస్తూ, "జాబితాలో రాసింది ఇప్పుడే తీసేస్తాను," అని గొణిగాడు.

"తీసేయడం కాదు డాక్టరు గారూ, మార్చండి," అంది టంకమ్మ. "టంకం పెట్టిన మనిషి తప్పు అని రాయండి. ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదని రాయండి." అన్నయ్య వైపు తిరిగింది. "నువ్వేదో ఒకటి అను అన్నయ్యా. తిట్టు. కొట్టినా పడతాను."

"తిట్టాలనే ఉందే," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "అప్పుడే తెలిసుంటే రెండు రోజులు తిట్టేవాణ్ణి. మూడో రోజు అందరం కూర్చుని వైర్లు మార్చేవాళ్లం. నాలుగో రోజు నా గదిలోకి పోయి ఇంకో ఆట రాసుకునేవాణ్ణి. ఇప్పుడు తిట్టడానికి కూడా ఓపిక లేదే. నాకు ఆ పని రాదనుకున్నాను. ఇన్నేళ్లూ రాదనే అనుకున్నాను."

బోర్డు ఆమె చేతికిచ్చి, మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. మంచం దాకా నడిచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. టంకమ్మ వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కళ్లనుంచి కారుతున్నదాన్ని తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. ఆయన వీపు పైకీ కిందికీ కదులుతోంది. అదే చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"ఇంకో ఆట అన్నావు. ఏం ఆట అన్నయ్యా అది?"

నిద్రపోయాడేమో అనుకుంది.

"గుర్తు లేదే," అన్నాడు.