మీసం మొలిచిన పటం

మా పిన్నికి నచ్చేవి తక్కువ, రోత పుట్టించేవి ఎక్కువ. తడి పాదాల గుర్తులు, మూత పెట్టని జిగురు సీసా, పలకరిస్తూ మీద మీదకి వచ్చే మనుషులు, ఏది చూసినా ఆవిడ పైపెదవి ఒక పక్కకి లేచేది. పిల్లలం చాటుగా ‘చీదర పిన్ని’ అనేవాళ్ళం. ఆవిడకి తెలుసు, పట్టించుకునేది కాదు. ఫొటో తెచ్చి ఇస్తే చూసి, నూనె రంగుల్లో నిలువెత్తు పటం వేసి ఇవ్వడం ఆవిడ వృత్తి. ఎక్కువగా పోయినవాళ్ళ పటాలే.

ఒకసారి, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన దుప్పట్లో చుట్టిన పటంతో వచ్చాడు. అంతకు ముందు ఏడాది పిన్ని వేసిన ఆయన భార్య బొమ్మే అది. దుప్పటి విప్పకుండానే, నేల చూపులు చూస్తూ అన్నాడు.

“ఏమీ అనుకోకండమ్మా. మా ఆవిడకి మీసం వస్తోంది.”

విప్పి చూస్తే నిజమే. పెదవి పైన రంగు పెచ్చులూడి, కింద నుంచి నల్లటి గుబురు తొంగిచూస్తోంది. ఇంటికొచ్చిన చుట్టాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారట. మనవరాలు ఆ గదిలోకే వెళ్ళనంటోందట. చివరికి సిగ్గుపడి పటాన్ని ముందుగది నుంచి లోపలికి మార్చాడట. భార్యని చూసి సిగ్గుపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసిందని చెప్పాడు.

పిన్ని బూజనుకుంది. పటం వెనక్కి తిప్పి వాసన చూసింది, మొహం చిట్లించింది, గోటితో గీరింది. సున్నంలాంటి పొడి జలజలా రాలింది. కాన్వాసు నాసిరకమని తేల్చుకుని, పాతది ఇక్కడే ఉంచమని, కొత్తది వేసి ఇస్తానని మాటిచ్చి ఆయన్ని పంపేసింది. నన్ను వెంటబెట్టుకుని, ఆ కాన్వాసు కొన్న రంగుల దుకాణానికి బయల్దేరింది.

ఆ దుకాణం ముసలి యజమాని పోయాక ఆయన అల్లుడి చేతికొచ్చింది. అద్దాలూ దీపాలూ పెరిగాయి. బల్ల మాత్రం జిడ్డోడుతోంది. చెయ్యి ఆనించబోయి పిన్ని వెనక్కి తీసుకుంది. అల్లుడు వేలు నాలుకతో తడుపుకుని కాగితాలు విడదీస్తూ, కొత్త సరుకు వచ్చిందని, విదేశాలవాళ్ళు కూడా ఇదే వాడతారని ఊదరగొట్టాడు. కుంచె ఒకటి తీసి పిన్ని అరచేతి మీద రాసుకుంటే వెంట్రుకలు నాలుగు చేతికే మిగిలాయి. కాన్వాసు మీద వేలితో కొడితే డప్పులా మోగాలి. అది తడిసిన అట్టలా చప్పబడిపోయింది. చట్రం చెక్కలో ఇంకా పచ్చి ఆరలేదు, మూలలు అప్పుడే మెలి తిరుగుతున్నాయి. పైన పటారం, లోన లొటారం.

మరో కాన్వాసు తీసి గుమ్మం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చెయ్యి అలాగే ఆగిపోయింది. తెల్లపూత వెనక మసక మసకగా రెండు కళ్ళు, ఒక ముక్కు.

ఆవిడ ఇంకా నోరు విప్పనేలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తాము మోసం చేయడం లేదని అల్లుడు మొదలుపెట్టాడు. బొమ్మలు నేర్చుకునేవాళ్ళు వదిలేసినవి, ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు పారేసిన పాత పటాలు తెచ్చి పైన తెల్లపూత వేయిస్తున్నారట, అంతేనట.

“పైన మీ బొమ్మే వస్తుంది కదండీ. కింద ఎవరుంటే ఏంటి?” అన్నాడు.

“ఎంగిలి కంచం తుడిచి అన్నం పెడితే తింటావా నాయనా?”

గొంతు పెంచలేదు. కావలసిన ఎర్ర రంగు కూడా కొనకుండా మెట్లు దిగి, వీధి చివరిదాకా చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆ డ్రైవరు భార్య మొహాన్ని తీసుకెళ్ళి ఏ మగాడి మొహం మీదో అతికించానని దారంతా అంటూనే ఉంది.

అక్కడి నుంచి గుడారాలు కుట్టే దర్జీ దగ్గరికి వెళ్ళాం. గట్టి నూలు గుడ్డ అడిగింది. పడుగూ పేకా రెండు వైపులా లాగి చూసింది, అంచున ఒక పోగు తీసి కాల్చి చూసింది. బూడిదైంది, ముద్ద కట్టలేదు, అంటే అసలు నూలే. మొదటి తానుకి నూనె మరక ఉందని వద్దంది. రెండోదానికి ఏ వంకా దొరక్క కాస్త నిరాశపడ్డట్టు కనిపించింది.

ఇంటికొచ్చి ఆ గుడ్డకి పూయడానికి జిగురు కాచింది. ఆ కంపుకి బాబాయి కంచం పట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ప్రతి పూతకీ ఛీ అనుకుంటూనే, ఆరిన పూతని అరగదీసి మళ్ళీ పూసింది.

బొమ్మ పూర్తయ్యాక డ్రైవరు వచ్చాడు. చూసి, బాగుందన్నాడు. తరవాత పాతది కూడా ఇమ్మన్నాడు.

“అదెందుకండీ, కాల్చేస్తాను” అంది పిన్ని.

“ఏడాదిగా దాంతోనే మాట్లాడుతున్నానమ్మా.”

పిన్ని పైపెదవి లేచింది. అయినా లోపలికి వెళ్ళి ఆ పాత పటాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ఆయన దుప్పట్లోనే చుట్టి తెచ్చి ఇచ్చింది. తన చేతుల మీదుగా అలాంటి సరుకు మళ్ళీ గడప దాటిందన్న రోత ఆవిడకి చాలాకాలం పోలేదు. దుకాణం మాత్రం ఇప్పటికీ కళకళలాడుతూనే ఉంది.