వాపసు రాని కొడవలి

అవ్వ కొడవలి వాపసు తేలేదు!

ముందు ఇది చెప్పేస్తే గానీ నాకు మిగతా మాటలు రావు. బి.ఏ. పాసైన రోజు కూడా నేనింత ఎగరలేదు. మా ఇంట్లో ముత్తాత నుంచి నాయన దాకా అందరూ ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసినవాళ్ళే. మొదటి డిగ్రీ నాది. డిగ్రీ పుణ్యాన అనంతపురంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, ఉద్యోగం పుణ్యాన ఆదివారం సెలవు వచ్చింది. ఆ సెలవును పట్టుకుపోయి నేను కొలిమిలో పోశాను. ఎనభైల చివర్లో మా ఆఫీసువాళ్ళంతా ఆదివారాలు పేకాడేవారు. నేను ఇనుము కాల్చేవాణ్ణి.

రాప్తాడు దారిలో ఒక ఆచారి కొలిమి ఉండేది. వానల్లేక నాగళ్ళు మూలనపడ్డాయి కాబట్టి ఆదివారాలు ఆయన మమ్మల్ని రానిచ్చేవాడు. మమ్మల్ని అంటే నన్నూ, ఒక బస్సు కండక్టరునూ, ఒక లెక్కల మాస్టరునూ. బొగ్గులు మావి, తిట్లు ఆయనవి. పాత లారీ కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, పట్టకారుతో దాగలి మీద పెట్టి సుత్తితో కొడితే సాగుతుంది. మనం అనుకున్న వైపుకు మాత్రం సాగదు. కండక్టరు కత్తి చేయబోతే గరిటె అయింది. వాళ్ళావిడ దాంతోనే పప్పు తిప్పుతోంది. నాకేమో మగ్గం ఇంటి అలవాటు, ప్రతిదాన్నీ బొటనవేలితో తడిమి చూస్తాను. ఎరుపు పోయి నల్లబడ్డ ఇనుము కూడా కాలుతుందని మొదటి ఆదివారమే నా వేలికి తెలిసింది.

"ఏమప్పా గ్రాడ్యుయేటూ, ఏలిముద్ర ఏస్తాండావా? సంతకం రాదా నీకు?" అన్నాడు ఆచారి.

ఆ కొలిమికి ఒక కట్టుబాటు ఉంది. కొత్తవాడు కొడవలి చేస్తే ముందు అవ్వకివ్వాలి. అవ్వ అంటే కొలిమి వెనక వీధిలో ఉండే ముసలామె, కూలికి జొన్నసొప్ప కోసేది. కొడవలి ఆమె దగ్గర నిలిస్తే వాడు కొలిమి మనిషి. సొంత సుత్తి తెచ్చి గోడకు తగిలించుకోవచ్చు. ఆచారి కొడవళ్ళు కూడా ఆమె దగ్గర నిలవలేదు, కానీ ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. కండక్టరూ మాస్టరూ తెలివైనవాళ్ళు, కొడవళ్ళ జోలికే పోలేదు.

నా మొదటి కొడవలి వాపసొచ్చింది. రెండోది గాలిలో ఎగురుతూ వచ్చింది.

"ఇది కొయ్యదు, గోకుతాది. తీస్కపోయి నీ ఈపు గోక్కో!" అంది అవ్వ.

"ఇంగొకటి వాపసొచ్చిందంటే నీ బొగ్గులు నువ్వు మోసుకుపో. ఆఫీసులో ఫైళ్ళు కాల్చుకో, ఈడికి మాత్రం రావద్దు," అన్నాడు ఆచారి.

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవచ్చు, కొలిమి పోతే?

మూడోది మొదలుపెట్టే ముందు, ఆమె అసలు ఎలా కోస్తుందో చూద్దామని చేనికి పోయాను. పళ్ళన్నీ అరిగిపోయిన పాత కొడవలితో సొప్ప కోస్తోంది. ఎడమచేత్తో!

మా అక్కదీ ఎడమచేతి వాటమే. అందుకే చూడగానే వెలిగింది. కొడవలికి పళ్ళు ఒక వైపే కొడతాం, రెండో వైపు నున్నగా వదిలేస్తాం. కుడిచేత్తో పడితే నున్నటి వైపు నేలకు ఉంటుంది. ఎడమచేత్తో పడితే అంతా తిరగబడి, కత్తి అంచు సొప్పకాడ మీద జారిపోతుంది. అవ్వ కొలిమి దగ్గర ఎప్పుడూ కొడవలిని కుడిచేత్తోనే అందుకునేది, కుడిచేత్తోనే ఆడించి చూసేది. మాకెలా తెలుస్తుంది?

"ఎడమచేతి వాటమని ఒక మాట చెప్పకూడదా అవ్వా?"

"కొలిమికాడ ఎడంచెయ్యి చాపమంటావా? మంచీ మర్యాదా లేదా? అయినా కొడవలికి గూడా కుడీ ఎడమా ఉంటాయని నాకేం ఎరకరా! మీకెవురికీ పని చేతగాదనుకుంటి."

మూడో కొడవలికి పళ్ళు రెండో వైపు కొట్టాను.

"తిరగేసి కొడతాండావే, మతి ఉండాదా?" అని ఆచారి అరిచాడు.

"ఉండాది," అని ఇంకో పన్ను కొట్టాను.

అవ్వ దాన్ని ఎప్పట్లాగే కుడిచేత్తో అందుకుని, కళ్ళకద్దుకుని, పెదవి విరిచి పోయింది.

ఆ మరుసటి ఆదివారం కండక్టరుకు డ్యూటీ, మాస్టరుకు పరీక్ష పేపర్లు. నేనొక్కణ్ణే తిత్తి ఊదుతూ దారి చూస్తున్నాను. అవ్వ నెత్తిన సొప్పమోపుతో, నడుములో కొడవలితో వచ్చింది. ఆగలేదు.

"అట్ల చూస్తాండావేమిరా? ఇయ్యను పో! కావాలంటే ఇంగొకటి చేసుకో!"

ఆచారి నోట్లో వక్క అటు నుంచి ఇటు మార్చాడు.

"నాకు ముందే తెలుసులే," అని గోడకు ఒక మేకు కొట్టాడు. తన సుత్తికి కొంచెం కింద.

నేను సైకిలెక్కి ఎస్టీడీ బూత్‌కు ఉరికాను. మొదట మా ఆఫీసరుకు చేశాను.

"ఆదివారం పూట కొడవలేందయ్యా?" అని పెట్టేశాడు. ఇంకా చెయ్యాల్సినవాళ్ళున్నారు:

ధర్మవరంలో మా వీధి చివరి చీరల కొట్టు. నాయనను పిలిపించాలి. ప్రమోషనేమో అని ఉరికొస్తాడు. సంగతి చెప్పేముందు రిసీవరు చెవికి దూరంగా పట్టుకోవాలి.

బస్సు డిపో, కండక్టరుకు. గరిటె మాట ఎత్తకూడదు.

మాస్టరు పక్కింటి డాక్టరు. మాస్టరు రుజువు అడుగుతాడు, అవ్వ దగ్గరికి పొమ్మనాలి.

రేపు తెరిచాక చిలమత్తూరు పోస్టాఫీసు. అక్కను పిలిపించాలి. చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తినందుకు మా ఇంట్లో దెబ్బలు తిన్నది ఆమే. ఒక్కటే అడగాలి: నీ కొడవలికి పిడి ఎంత పొడుగు పెట్టమంటావే?