వెంకటలక్ష్మి చూసిన తెలుపు

కుడి కంటికి శుక్లం ఆపరేషనై, కట్టు విప్పిన మరుసటి పొద్దున వెంకటలక్ష్మి పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్ళి, లైటు వేసి, అక్కడే నిలబడిపోయింది. పొయ్యి వెనక గోడ మీద నూనె చారలు పైనుంచి కిందిదాకా కారి, గట్టిపడి ఉన్నాయి. గిన్నెలు తోమే తొట్టి ఇంకా ఘోరంగా ఉంది. మామగారి రోజుల్లో మేస్త్రీ అక్కడే పోత పోసి కట్టిన మొజాయిక్ తొట్టి అది. దాని రంగు గంధం రంగనే ఆమె ఇంతకాలం అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు చూస్తే మూలల్లో నల్లగా పేరుకుంది, అడుగున నాచు పట్టింది. గోటితో గీకి చూసుకుంది. చేత్తో రోజూ తడిమే తొట్టి, ఇలా ఉంటుందని కల్లో కూడా అనుకోలేదు.

తర్వాత గిన్నెల బుట్ట చూసింది. తాను ఆపరేషన్‌కు ముందు తోమి బోర్లించిన చెంచా అంచున అన్నం మెతుకొకటి ఎండిపోయి ఉంది. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది.

బెంగళూరు కబ్బన్‌పేటలో ఆ ఇల్లు నేతగాళ్ళ ఇల్లు. ఆమె కోడలుగా వచ్చినప్పుడు కింద మగ్గాలు ఆడుతుండేవి. భర్త నారాయణప్ప నేసేవాడు, రంగులు చూడడం ఆమె పని. అద్దకం నుంచి వచ్చిన పట్టు దారపు లడీలను వీధి గుమ్మం దగ్గర వెలుతురులో పట్టి, ఇది మిరపపండు, ఇది వంగపండు, ఇది నెమలికంఠమే గాని పోయిన తడవ వచ్చిన నెమలికంఠం కాదు, అని విడదీసి పెట్టేది. పక్క సందుల వాళ్ళు కూడా లడీలు తెచ్చి ఆమెకు చూపించుకుని పోయేవారు. యాభై దాటాక ఏమైందో, ఒక చీరకు కొంగొక నీలం, ఒళ్ళొక నీలం వచ్చాయి. షావుకారు చీర వెనక్కి తెచ్చాడు. అద్దేవాళ్ళే చెడిపోయారని ఆమె అనుకుంది. మరో రెండు మూడు చీరలు అలాగే వచ్చాక, నాకింక ఓపిక లేదని చెప్పి ఆ పనే మానేసింది. కొన్నాళ్ళకు మగ్గాలూ ఆగిపోయాయి. కింది భాగం గుండీల అంగడికి అద్దెకిచ్చారు. రంగులు తన కళ్ళముందే వెలిసిపోతున్నాయని మాత్రం ఆమెకు తెలియలేదు. ఎవరికైనా ఎలా తెలుస్తుంది? లోకమంతా ఒక్కసారే పాతబడుతుంటే, పోల్చి చూసుకోవడానికి కొత్తదేదీ మిగలదు.

ఆ పొద్దున ఆమె కొడుకు కిరణ్‌ను పిలిచి, ఈ వంటిల్లు పగలగొట్టించు, అంది. కిరణ్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కంపెనీలో పని చేస్తాడు. వంటిల్లు మార్పిద్దామని అతను అడిగినప్పుడల్లా వద్దన్నది ఆమే. అల్మరాలూ టైల్సూ కోడలు చైత్ర చూసుకుంది. సింకు మాత్రం అత్తే ఎంచాలంది. దాని ముందు నిలబడేది ఆమె కాబట్టి.

ఆదివారం అత్తాకోడళ్ళు ఇద్దరూ సింకుల అంగడికి వెళ్ళారు. అంగడి యజమాని బాలరాజు హిందూపురం నుంచి వచ్చి స్థిరపడినవాడు. స్టీలు సింకును వేలితో కొట్టి వినిపించాడు. మందం ఉంటే ఇట్లా మోగదని ఇంకొకటి చూపించాడు. రాతిపొడి కలిపి పోసిన నల్ల సింకు చూడ్డానికి ఘనంగా ఉంటుంది గాని బోరు నీళ్ళకు తెల్ల చారలు కడుతుందన్నాడు. బూడిద రంగుదైతే ఏ మరకా కనిపించదని, అందరూ అదే తీసుకుంటున్నారని చెప్పాడు. చైత్రకు అది నచ్చింది. చివర్న గోడవారగా ఒక తెల్ల సింకు ఉంది. పింగాణీలాగా కాల్చి చేసింది. దాని గురించి బాలరాజు పెద్దగా చెప్పలేదు.

వెంకటలక్ష్మి దాని ముందుకు పోయి ఆగింది. ఆపరేషన్ కన్ను కొద్దిగా నీరు కారుతుంటే, నలపకూడదని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, అరచేయి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా సింకు మీగడ రంగులో ఉంది. చేయి తీసింది. మీగడ పోయింది. పాల తెలుపు కాదు, సున్నం తెలుపు కాదు. నీలిమందు పెట్టి మిద్దె మీద ఆరేసిన పంచె ఎండలో ఎలా మెరుస్తుందో ఆ తెలుపు. ఆమె మళ్ళీ కుడికన్ను మూసింది. మీగడ. ఎడమకన్ను మూసింది. తెలుపు. అంగట్లో ఉన్న ప్రతి వస్తువునూ అలాగే చూసింది. ఇత్తడి కుళాయి, గోడమీది క్యాలెండరు, తన చేతి గాజులు. ప్రతిదీ రెండు. ఒకటి తను బతికిన లోకం, ఒకటి అసలున్న లోకం.

బాలరాజు కంగారుగా చైత్ర వైపు చూశాడు. చైత్ర దగ్గరికొచ్చి, తల తిరుగుతోందా అని అడిగింది.

"లేదమ్మా. ఈ కంటికి ఇది మీగడగా ఉండాది. ఈ కంటికి తెల్లగా ఉండాది. రెండు కండ్లూ నావే."

చైత్ర తనూ ఒక్కో కన్నే మూసి చూసుకుంది. తనకేమీ మారలేదు. అప్పుడు అర్థమైంది ఆమెకు. "అయితే అత్తా, ఇన్నేండ్లూ నీకు అంతా పసుప్పచ్చగానే కనపడిందా?"

వెంకటలక్ష్మి కోడలి కుర్తాను చూస్తోంది. అది పెళ్ళిలో తాను ఎంచి పెట్టిన పట్టు చీర. తర్వాత చైత్ర దాన్ని కుర్తాగా కుట్టించుకుంది. పెళ్ళికూతురికి ఆకుపచ్చ చీర పెట్టాలని అంగడంగడీ తిరిగి తెచ్చిందది. ఎడమకంటికి ఇప్పటికీ పచ్చే. కుడికంటికి వానలు వెలిసిన ఆకాశంలా నిండు నీలం.

"ఇది నీలమా?"

"నీలమే గదా అత్తా. మీ ఇంట్లో పెండ్లికి నీలం పెడతారేమో అనుకొంటిని."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది చైత్రే. వెంకటలక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. మెతుకులు అంటుకున్న గిన్నెలను తన వెనకాల కోడలు మళ్ళీ తోముకుంటూ వచ్చిందని, ఒక్క మాటా అనలేదని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది. కోడలి చేయి పట్టుకుంది.

తెల్లదే కావాలంది. బాలరాజు మంచివాడు, అమ్ముడుపోతే చాలనుకోలేదు. పసుపు అంటితే పోదమ్మా, బీట్‌రూట్ అంటితే పోదు, రోజూ కడగాల్సి వస్తుంది, అని చెప్పి చూశాడు.

"మరక పడితే కనపడుతుంది గదప్పా," అంది వెంకటలక్ష్మి. "కనపడనీ."

సింకు బిగించేసరికి ఎడమ కంటికీ ఆపరేషన్ అయిపోయింది. కొత్త వంటింట్లో పాలు పొంగించిన పొద్దున ఆమె మొదట దంటుకూర అనే ఎర్ర తోటకూర కడిగింది. కట్ట విప్పి నీళ్ళ కింద పెట్టగానే కాడల్లోంచి ఎరుపు దిగి ఆ తెలుపు మీద పారింది. సన్నగా మొదలై, వెడల్పై, చివర గులాబీ రంగు తేలి, జాలీలోకి సుడి తిరుగుతూ పోయింది. అంతలోనే అడుగు మళ్ళీ తెల్లగా వెలిగింది. ఆమె ఇంకో గుప్పెడు ఆకు వేసింది. తర్వాత కాసిన్ని పెసలు. తర్వాత వంకాయలు, వాటి ఊదా మీద నిలిచిన ఒక్కో బొట్టులో కిటికీ మొత్తం ఉంది.

నారాయణప్ప కాఫీ అడగడానికి వచ్చి, భార్య కుళాయి కట్టేయకుండా నిలబడి ఉండడం చూసి, నీళ్ళు పోతున్నాయని చెప్పబోయాడు. ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. పక్కకొచ్చి నిలబడి తనూ సింకులోకి చూశాడు. ఆమె అతని చేతిలో ఒక తడి వంకాయ పెట్టింది. పట్టుకుని చూడండి, అంది. అతను దాన్ని వెలుతురుకు తిప్పి చూస్తూ, ఎందుకొచ్చాడో మరిచిపోయాడు.