వార్తల వెనక జంపఖానా

మొన్న మట్టెవాడలో కూరగాయలు కొనుక్కొని వస్తుంటే, మూలమలుపు దగ్గర ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకొని కరెంటు స్తంభానికి చుట్టుకున్న పాత కేబుల్ తీగలు కోసి కింద పడేస్తున్నారు. నల్లటి తీగలు, దుమ్ముపట్టి, కుప్పగా. నేను సంచి కింద పెట్టి నిలబడిపోయాను. వీటిలో మాది ఏది? ఉండబట్టలేక అడిగేశాను కూడా. నిచ్చెన మీదున్నాయన నావైపు వింతగా చూసి, "ఏమోనమ్మా, ఏది ఎవ్వలదో ఎవ్వలకెర్క? అన్నీ సచ్చిన వైర్లే" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆ చచ్చిన తీగల్లోనే ఏదో ఒకదాంట్లోంచి ఒకప్పుడు రోజూ సాయంత్రం ఏడింటికి నా ముఖం ఇంటింటికీ వెళ్లేది.

నవ్వకండి. నేను వార్తలు చదివినదాన్ని. మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, ఇంటి మీద పెద్ద డిష్ పెట్టి చుట్టుపక్కల వాడలకు కేబుల్ కనెక్షన్లు ఇచ్చేవాడు. లోకంలోని చానెళ్లన్నీ మన డబ్బాలోంచే పోతుంటే మనకంటూ ఒక చానెల్ ఎందుకు ఉండకూడదని ఆయనకు ఒక రోజు అనిపించింది. ఆయనకు అనిపించిందంటే ఇక ఇంట్లో ఎవరి మాటా చెల్లదు. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం ఒక సినిమా, సాయంత్రం ఊరి వార్తలు. వార్తలంటే ఏముంది, మార్కెట్‌లో మిర్చి ధర, నల్లా నీళ్లు ఏ వాడకు ఎప్పుడొస్తాయి, ఎక్కడ బతుకమ్మ బాగా ఆడారు, మరిపెడ నుంచి వచ్చిన రైతు బస్‌స్టాండులో మరిచిపోయిన సంచి ఎవరికైనా దొరికిందా. మధ్యమధ్యలో చీరల దుకాణం ప్రకటనలు. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను, గొంతు గట్టిది, జీతం అడగను. ఇన్ని అర్హతలున్న మనిషి దొరకడం కష్టమని చిన్నాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

స్టూడియో మా ఇంటి ముందుగది. అంతకుముందు అది మా తాత మగ్గం గది. తాత నేల మీద పరుచుకునే మందపాటి జంపఖానాలు నేసేవాడు. ఆయన పోయాక మగ్గం చాలా రోజులు అట్లాగే ఉంది. మా మేనత్త, చిన్నాయనకు అక్క, పండుగకు వచ్చినప్పుడల్లా దాన్ని తడిగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి వెళ్లేది. చానెల్ మోజులో చిన్నాయన ఆ మగ్గం విప్పించేశాడు. కట్టె గట్టిదని, దాంతోనే వడ్రంగి చేత వీసీఆర్లు, మిగతా డబ్బాలు పెట్టుకోవడానికి అరలు చేయించాడు. చెప్పకుండా చేశాడు, అదే తప్పు. రాఖీ పండుగకు వచ్చిన అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. "బాపు మగ్గం మీద టీవీ డబ్బాలు పెడతవార తమ్మీ?" అని ఒక్క మాట అని, తెచ్చిన రాఖీ తెచ్చినట్టే పట్టుకొని వెనక్కి వెళ్లిపోయింది. అప్పటి నుంచి రాకపోకలు లేవు. ప్రతి రాఖీకీ చిన్నాయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఏ పనీ లేకపోయినా గుమ్మం దగ్గరే తచ్చాడేవాడు. మధ్యాహ్నం దాటాక లుంగీలోకి మారిపోయేవాడు.

స్టూడియో అన్నాను గానీ, అందులో శబ్దం మహా ఇబ్బంది. పక్కింటి కుక్కర్ విజిల్, వీధిలో ఉల్లిగడ్డల బండి కేక, అన్నీ నా గొంతుతో పోటీ పడేవి. గోడలకు మందపాటి గుడ్డలు కడితే మోత తగ్గుతుందని ఎవరో చెప్పారు. అటక మీద తాత నేసిన జంపఖానాలు ఉండనే ఉన్నాయి. చిన్నాయన వాటిని దించి నాలుగు గోడలకూ మేకులు కొట్టి వేలాడదీశాడు. నా కుర్చీ వెనక ఎరుపు, నీలం చారలది ఒకటి పడింది. టీవీలో నా రెండు భుజాల పక్కనా దాని చారలు కనిపించేవి. నాకు అది గుడ్డ మాత్రమే, అంతకుమించి ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు.

అత్త ఇల్లు మా లైనులో చిట్టచివరి ఇల్లు. కేబుల్ సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, తీగ దూరం పోయేకొద్దీ బొమ్మ బలం తగ్గుతుంది. మా చానెల్ చివరి నంబరులో ఉండేది కాబట్టి ముందు చెడేది అదే. ఒక రోజు మా తీగలు చూసే లైన్‌మన్ అన్న వచ్చి చిన్నాయనతో గొణిగాడు. "అన్నా, కొసకున్న అక్క రోజు తిడతాంది. తక్కినయన్ని సాఫ్‌గనే వస్తానయట. మన చానెలే చుక్కలు చుక్కలు వస్తాందట."

అంటే అత్త మా చానెల్ చూస్తోందన్నమాట. మర్నాడు చిన్నాయన, స్తంభం ఎక్కడం ఏనాడో మానేసిన మనిషి, బొమ్మకు బలమిచ్చే ఆంప్లిఫయర్ సంకలో పెట్టుకొని బయల్దేరాడు. చూడకపోతే నాకు నిద్ర పట్టదని నేనూ వెంటపడ్డాను. అత్త ఇంటి ఎదురుగా స్తంభం మీద చిన్నాయన, కింద నిచ్చెన పట్టుకొని లైన్‌మన్ అన్న, గడపలో అత్త. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు చూసుకోరు. అత్త లైన్‌మన్‌తో అంటుంది, "మీ సేటుకు చెప్పు, తలకు రుమాలు కట్టుకొమ్మను. ఎండ దంచుతాంది." చిన్నాయన పైనుంచి అదే లైన్‌మన్‌తో అంటాడు, "ఇప్పుడు బొమ్మెట్లున్నదో చూసి చెప్పుమను." పాపం ఆ మనిషి మెడ పైకీ కిందికీ తిరిగి తిరిగి పట్టేసింది. అత్త లోపలికి వెళ్లి వచ్చి, "వస్తాంది" అంది. నన్ను మాత్రం బుగ్గ గిల్లి, "టీవీల గంత బిగుసుకొని కూసుంటవేందే?" అని పంపించింది.

మర్నాటి సాయంత్రం వార్తలకు కొంచెం ముందు, నేను పౌడరు అద్దుకుంటుంటే గుమ్మంలో అత్త నిలబడి ఉంది. చిన్నాయన చేతిలో క్యాసెట్ అట్లాగే ఉండిపోయింది. అత్త ఎవరినీ పలకరించలేదు. నేరుగా నా కుర్చీ వెనక్కి వచ్చి జంపఖానా మీద చెయ్యి వేసింది.

"తలకిందుల కట్టినవ్ తమ్మీ."

చారల గుడ్డకు పైనేది, కిందేది? చిన్నాయన అదే అడిగాడు. అత్త పైకొసన ఒక నీలం చార చూపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే, నిజమే, అక్కడ గీత కొంచెం వంకర పోయింది. "ఈడికెల్లి నాది. బాపుకు చాతకాక మంచం పట్టినంక మిగిలింది నేనే నేసిన. నాకు చెయ్యి తిరగలే, వంకర పోయింది. ఇదే ఆఖరుది. నువ్వు మగ్గంతోటి ఇది గూడ పారేసినవనుకున్న. ఇంతకాలం ఆ చుక్కలల్ల ఇదేనా కాదా అని కండ్లు గుంజంగ చూసిన. నిన్న సాఫ్‌గ కనవడ్డది." కొంగుతో ముక్కు తుడుచుకొని మళ్లీ గద్దించింది. "బాపు నేసింది కిందికి పోయి నాది మీదికొచ్చింది. బాపు పైన ఉండాలె గద!"

చిన్నాయన ఏడుస్తున్నాడు. దాచుకోవాలని కూడా చూడలేదు. మేకులు పీకడానికి స్టూలు ఎక్కాడు. అత్త కింద అంచు పట్టుకొని అటు కాదు ఇటు అని అరుస్తోంది. మధ్యలో ఒకసారి మగ్గం కట్టెతో చేసిన అరలను తట్టి చూసి, "గట్టిగనే ఉన్నది" అంది, ఎవరితోనో అన్నట్టు. ఏడు దాటిపోయింది. తెర మీద గులాబీ పువ్వు బొమ్మ పెట్టి వదిలేశాం. ఫోన్లు మోగడం మొదలైంది, వార్తలేవని. చిన్నాయన స్టూలు మీదినుంచే చెయ్యి చాపి రిసీవర్ అందుకొని అన్నాడు. "మా అక్కొచ్చింది. జర ఆగుండ్రి."

ఆ యేడు రాఖీకి ఆయన లుంగీలోకి మారలేదు.

చానెల్ ఎప్పుడు ఆగిందో కచ్చితంగా చెప్పలేను. ఇళ్ల మీద చిన్న చిన్న డిష్‌లు మొలిచాయి, తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, మా తీగను అడిగేవాళ్లు లేకుండా పోయారు. చిన్నాయన కూడా కాలం చేశాడు. అత్త ఇప్పుడు నర్సంపేటలో కూతురి దగ్గర ఉంటుంది, చూపు బాగా మందగించింది. మొన్న ఇంటికి రాగానే ఆమెకు ఫోన్ చేసి తీగలు కోసేస్తున్నారని చెప్పాను. తీగల సంగతి ఆమె పట్టించుకోలేదు.

"జంపఖానా నీ దగ్గర్నే ఉన్నది గదా? బాపు పైననే ఉన్నడా?"

మా హాల్లో గోడకు ఉన్న దానివైపు చూశాను. వంకర నీలం గీత కిందనే ఉంది. "పైననే ఉన్నడత్తమ్మా" అన్నాను. నేను చదివిన వార్తలన్నీ మర్నాటికే పాతబడిపోయాయి. వాటి వెనక వేలాడిన గుడ్డకు మాత్రం పాతబడటానికి ఇంకా తీరిక దొరకలేదు.