కిలో రెండు వందల గ్రాముల కంప్యూటరు

లాప్‌టాప్ కొనడానికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూస్తారు. "అబ్బ, ఎంత తేలికో!" అంటారు. అమ్మేవాడు పళ్ళికిలిస్తాడు. ఇది ఎక్కడ చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. దుకాణంలో ఒక్క క్షణం ఎత్తి చూడడానికీ, ఎండలో మైలున్నర మోసుకెళ్ళడానికీ తేడా ఏమిటో వాళ్ళని కూచోబెట్టి చెప్పాలనిపిస్తుంది. ఎవరు వింటారు? ఆ రోజుల్లో నాకెవరైనా చెప్పినా నేనూ వినేదాన్ని కాదు.

తొంభైల చివరి మాట ఇది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. భిలాయిలో, ఖుర్సీపార్‌లో మా ఇల్లు. నాన్న ఉక్కు ప్లాంటులో వేబ్రిడ్జి మీద, అంటే రైలు వేగన్లని తూచే పెద్ద కాటా మీద, ముప్ఫై ఏళ్ళు పనిచేసి అప్పుడే రిటైరయ్యాడు. నేను టైపు హయ్యరు పాసై ఒక చిన్న కాంట్రాక్టు ఆఫీసులో చేరాను. నందిని గనుల్లో తవ్విన సున్నపురాయి గుట్టల నుంచి నమూనాలు తీసి, వాటి తూకం, తేమ లాంటి లెక్కలు రాసివ్వడం ఆ ఆఫీసు పని. సైటులో పనివాళ్ళు చీటీల మీద రాసి పంపేవారు. ఆఫీసు వెనక, కిటికీ లేని గదిలో కూచుని నేను టైపు కొట్టేదాన్ని.

ఆ చీటీలు చూస్తే ఏడుపొచ్చేది. చెమటకి తడిసి, సున్నం అంటుకుని, మూడుకీ ఎనిమిదికీ తేడా తెలిసేది కాదు. తప్పు పడితే మాత్రం టైపు కొట్టినదాన్నే తిట్టేవారు. ఏడాది పాటు తిట్లు తిని, ఒకరోజు మా సార్ దగ్గరికెళ్ళాను. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, ఆఫీసు ఆయనదే. "సార్, సైటుకి నేనే వెళ్తాను. అక్కడే కంప్యూటర్లో ఎక్కించేస్తే ఈ చీటీల గోల ఉండదు," అన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు. నెల తరవాత ఆయనే పిలిచారు.

"సరేనమ్మా, మూడు నెల్లు సూద్దాం. పని నడిస్తే సైటు నీదే. నడవకపోతే మళ్ళీ టైపు మిషనే, మరేటీ అనుకోకూడదు."

నాకా సైటు ఎంత కావాలో మాటల్లో చెప్పలేను. జీతం పెరిగేది లేదు. కానీ ఇంకొకడు రాసిన తప్పుని చక్కగా టైపు కొట్టే బతుకు నాకు విసుగెత్తిపోయింది. గుట్ట దగ్గర నిలబడి, రాయిని చూసి, లెక్క నేనే రాయాలి. ఎవరికైనా అనుమానమొస్తే నన్నడగాలి. అంతే నా కోరిక.

రాయ్‌పూర్ నుంచి ఒక వ్యాపారి రెండు లాప్‌టాప్‌లు తెచ్చి, వారం రోజులు వాడి చూసుకోమని వదిలి వెళ్ళాడు. "మోసేది నువ్వే, కాబట్టి నువ్వే సెప్పు," అన్నారు సార్. రెండిటినీ ఇంటికి తీసుకెళ్ళాను.

ఒకటి పెద్దది. మూసి పెడితే కూచునే పీటలా ఉండేది. మీటలు వెడల్పు, తెర పెద్దది, ఫ్లాపీ పెట్టే గాడి దాని పక్కనే ఉంది. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలేవి. రెండోది చిన్నది. స్కూలు నోటుపుస్తకం కంటే కొంచెం లావు, అంతే. మూత తెరిస్తే మీటలు పల్లీగింజల్లా దగ్గర దగ్గరగా ఉండేవి. తెర మీద అక్షరాలు చీమల బారు. ఫ్లాపీ పెట్టాలంటే వేరే పెట్టె, దానికో వైరు. ప్రింటరు తగిలించాలంటే ఇంకో పెట్టె. కానీ చేతిలోకి తీసుకుంటే ఎంత ముద్దొచ్చేదో! పిట్ట కొంచెం కూత ఘనం అనుకున్నాను. వీధిలో ఆడపిల్లలు చూడ్డానికొచ్చి, పెద్దదాని వైపు తిరిగి కూడా చూడలేదు.

అయినా ముద్దు చూసి ఎంచుకోవడం నామోషీ. అందుకని తూకం వేద్దామన్నాను. నాన్న ముఖం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఆయన్ని తూకం వెయ్యమని అడిగినవాళ్ళు లేరు మరి.

రెండు సంచులూ పట్టుకుని సందు చివర కిరాణా కొట్టుకి వెళ్ళాం. కొట్టు భయ్యా ఉల్లిపాయలు దించి కాటా మాకు వదిలేశాడు. "క్యా భావ్ హై దీదీ?" అని కిలో ధర అడిగి వేళాకోళం చేశాడు. నాన్న పట్టించుకోలేదు. జేబులోంచి కాగితం తీసి మూడు గళ్ళు గీశాడు. ముందు అన్నీ సర్దిన సంచిని పెట్టి తూచాడు. తరవాత లాప్‌టాప్ ఒక్కటీ బయటికి తీసి, మిగిలిన సంచిని తూచాడు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేశాడు.

"గ్రాసులోంచి టేరు తీసెయ్యి, మిగిలిందే నెట్టు, అంటే సరుకు," అన్నాడు. "సరుకు బరువే లెక్కమ్మా. బండి బరువుతో మనకేటి పని?"

వేగన్ని నిండుగా తూచి, ఖాళీ వేగను బరువు తీసేసి, లోపలున్న రాయి ఎంతో చెప్పడం ఆయన ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ ప్రకారం చిన్నది కిలో రెండు వందలు, పెద్దది మూడు కిలోల రెండు వందలు. రెండు కిలోలు తేడా. ఇంక ఆలోచించేదేముంది? సంచీ, చార్జరూ, ఫ్లాపీ పెట్టే, వైర్లూ అన్నీ ఖాళీ బండి కింద పోయాయి. నాన్న చెప్పాడని నేను తలూపాననుకుంటే అది అబద్ధం. నాకూ అదే వినాలనుంది. ఉక్కు ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, ఆ లెక్క నా నోట్లోనూ అన్నంముద్దంత సహజంగా దిగిపోయింది.

మర్నాడు చిన్నదే కావాలని సార్‌కి చెప్పాను. "మంచి పని సేసేవమ్మా, నీకదే తేలిక," అన్నారు.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. పొద్దున్నే ఆఫీసులో సంతకం పెట్టి, గుమ్మంలో నిలబెట్టి ఉన్న ఆఫీసు స్కూటరు పక్కనుంచి పరిగెత్తి, పవర్‌హౌస్ స్టాపులో మినీబస్సు ఎక్కాలి. నిలబడే చోటు దొరికితే అదృష్టం. సంచిని నెత్తిమీద పెట్టుకోలేం, కింద పెడితే తొక్కేస్తారు. దిగాక గని గేటు దాకా మైలున్నర నడక. లారీలు పోతుంటే తెల్లటి దుమ్ము రేగి కళ్ళల్లో పడేది. వారం తిరిగేసరికి కుడి భుజం మీద సంచి పట్టీ కోసుకుపోయింది. కిలో రెండు వందలకి భుజం ఇలా ఎందుకవుతుందని నన్ను నేనే తిట్టుకున్నాను. నాది సుకుమారమనుకున్నాను. చేతిపంపు దగ్గర రెండు బిందెలు ఒకేసారి ఎత్తేదాన్ని, నాకు సుకుమారమేమిటని ఆ బుర్రకి తట్టలేదు.

గుట్ట దగ్గర ఇంకో నరకం. టైపు మిషను మీద అయిదేళ్ళు కొట్టిన వేళ్ళు నావి, కళ్ళు మూసుకుని కొట్టగలను. ఆ పల్లీగింజల మీద నా విద్య ఒక్కటీ పనికిరాలేదు. చిటికెన వేలు షిఫ్టు మీద పెట్టబోతే పక్కనున్న బాణం మీట మీద పడేది. గీత పై వరసకి ఎగిరిపోయేది. ఇరవయ్యో నమూనా తేమ వెళ్ళి పందొమ్మిదో నమూనా గడిలో కూచునేది. ఎండలో తెర కనపడక, తల మీద చున్నీ కప్పుకుని ఆ గుడారంలోంచి చూసుకునేదాన్ని. పనివాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. చివరికి రెండు చూపుడువేళ్ళతో, కొత్తగా నేర్చుకునేవాళ్ళలా పొడవడం మొదలుపెట్టాను. నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టే మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది?

అన్నిటికంటే పెద్ద తప్పు నెల తరవాత చేశాను. భుజం నొప్పికి తాళలేక సంచీలోంచి ఒక్కొక్కటీ తీసి ఇంట్లో పెట్టడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే, ఈ వేళ ఏది అక్కర్లేదా అని జాతకం చూసినట్టు చూసేదాన్ని. ప్రింటరు పెట్టె సైటులో ఎందుకు? తీసేశాను. చార్జరు ఇటుకంత ఉంది, దాని బదులు రెండో బ్యాటరీ పెట్టుకుంటే చాలు. తీసేశాను. లెక్కల ఫ్లాపీ గని ఆఫీసుకి ఇచ్చేది శనివారం ఒక్కరోజే, మిగతా రోజుల్లో ఫ్లాపీ పెట్టె దండగ. అదీ తీసేశాను. భుజానికి కొంచెం ఊపిరాడింది. తెలివైనదాన్నని మురిసిపోయాను.

మూడో నెల చివర్లో ఒక బుధవారం మా సార్ కూడా సైటుకి వచ్చారు. మధ్యాహ్నం గని ఆఫీసులో పెద్దవాళ్ళు కూచున్నారు, మమ్మల్ని పిలిచారు. ఒక గుట్ట రాయి బాగోలేదని అనుమానమొచ్చింది. ఆ గుట్టని ప్లాంటుకి పంపాలా, ఆపాలా అని అప్పటికప్పుడు తేల్చాలి. "ఈ వారం లెక్కలు ఫ్లాపీలో ఇవ్వండి, మా కంప్యూటర్లో చూసుకుంటాం," అన్నారు.

ఫ్లాపీ పెట్టె ఖుర్సీపార్‌లో, మా ఇంట్లో, బియ్యం డబ్బా మీద ఉంది.

చదువుతాను, రాసుకోండి అన్నాను. గుమాస్తా కాగితం తీశాడు. అందరూ వింటుండగా చీమల బారులోంచి ఒక్కొక్క అంకె చదివాను. డెబ్భై నమూనాలు. మొదటి బ్యాటరీ పొద్దున్నే అయిపోయింది, రెండోది కూడా ఎర్రదీపం చూపిస్తోంది. గబగబా చదవబోతే, "మెల్లగా, మెల్లగా," అని గుమాస్తా విసుక్కున్నాడు. నలభై రెండో నమూనా దగ్గర తెర నల్లబడిపోయింది. చార్జరు తగిలించండి అన్నారెవరో. అదీ ఇంట్లోనే ఉందన్నాను. ఒకాయన కిటికీలోంచి బయటికి చూశాడు. మిగతా లెక్కలు గురువారం అందాయి, గుట్టకేమీ కాలేదు. నాకయింది.

ఇంటికొచ్చి నాన్న మీద విరుచుకుపడ్డాను. "నీ నెట్టు బరువు నా కొంప ముంచింది," అన్నాను. ఆయన లోపలికెళ్ళి ఆ కాగితం తెచ్చాడు. దాచాడు పాపం. మొదటి గడిలో అప్పుడే రాసి ఉంది. అన్నీ సర్దిన చిన్నదాని సంచి మూడు కిలోల ఎనిమిది వందలు. పెద్దదాని సంచి నాలుగు కిలోల నాలుగు వందలు. నేను వేళ్ళనీ, కళ్ళనీ, మూడు నెలల శ్రమనీ ధారపోసింది ఆరు వందల గ్రాముల కోసం.

నాన్న ఆ అంకెల మీద వేలు పెట్టాడు. "ఖాళీ బండి బరువు ఇంజనే మోస్తాదమ్మా. మేమెప్పుడూ లెక్కపెట్టలేదు," అన్నాడు. ఆ ఇంజను నేనే అని అరవబోయి, ఆయన ముఖం చూసి మానేశాను.

శుక్రవారం సార్ పిలిచారు. వ్యాపారికి చెప్పి పెద్దది తెప్పించారట. పెద్దది మోస్తాను సార్, నాకేం బరువు కాదు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అది నీ వల్ల కాదమ్మా. నాలుగు కిలోల పైమాటే." ఇప్పుడు మోస్తున్నది ఎంతో చెప్పాను. సగం విని నవ్వేశారు. సైటు పని మా స్టోర్సు చూసే ఆయనకి ఇచ్చారు. నాకంటే పదేళ్ళు పెద్ద, ఒంటివేలితో టైపు కొట్టేవాడు.

సోమవారం పొద్దున్న నేను ఆఫీసు గుమ్మంలో ఉండగా ఆయన పెద్దదాని సంచి పట్టుకుని బయటికొచ్చాడు. భుజానికి కూడా తగిలించుకోలేదు. గుమ్మం నుంచి నాలుగడుగులు వేసి, ఆఫీసు స్కూటరు మీద కాళ్ళు పెట్టుకునే చోట దాన్ని నిలబెట్టాడు. వెనక్కి తిరిగి, "సార్, తాళం," అన్నాడు. సార్ బల్ల మీద నుంచి తాళం విసిరారు. ఆయన పట్టుకుని, స్కూటరు తన్ని, నందిని వైపు వెళ్ళిపోయాడు. నువ్వెన్ని కిలోలు మొయ్యగలవని ఆయన్ని ఎవరూ అడగలేదు.

నేను లోపలికెళ్ళాను. "సార్, ఆ స్కూటరు నాకిచ్చి ఉంటే నేనూ అలాగే వెళ్ళేదాన్ని కదా."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "నీకు స్కూటరొచ్చేటి?"

"వచ్చు సార్. కాలేజీలో ఉన్నప్పుడే నాన్న నేర్పాడు."

"మరి మొదట్నే సెప్పొద్దేటమ్మా? ఇచ్చీసేవోణ్ణి గదా! మూణ్ణెల్లు అది ఇక్కడ ఊరికే పడుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు."

ఆయన అబద్ధమాడలేదు. అడిగి ఉంటే ఇచ్చేసేవారే. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని, ఆ అవకాశం కూడా లేకుండా పోయింది. నాకు స్కూటరొచ్చా అని అడగాలని ఆయనకి తోచలేదు. రోజూ దాని పక్కనుంచే సంచి మోసుకుంటూ బస్సుకి పరిగెత్తిన నాకూ, తాళం అడగొచ్చని తోచలేదు. ఎన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. అందులో సగం నా మీదే.

"ఇప్పుడు అడుగుతున్నాను సార్," అన్నాను.

"ఇప్పుడేటి లాభమమ్మా, ఆయనకి అప్పజెప్పీసేను గదా," అన్నారు సార్. బల్ల మీదున్న కొత్త చీటీల కట్ట తీసి నా చేతికిచ్చారు.