చెలకలో పెరిగే బండ

శ్రావణమాసం, ముసురు. ఖమ్మంలో ఉదయం ఏడున్నరకు ఎర్రబస్సు ఎక్కాను. భద్రాచలంలో దిగి దుమ్ముగూడెం బస్సు పట్టుకోవాలి. ఆ దారిలోనే మా అక్క ఊరు. "మీ బావ చెలకల బబ్బెర తీగంత పీకిస్తడట. జల్దీ వచ్చి లెక్క చెప్పు" అని ఆమె కబురు పంపింది. నా చదువు ఐదో తరగతితో ఆగినా, ఏ పంట ఎంత పండిందో లెక్క వేసే అలవాటుంది.

కొత్తగూడెంలో ఎక్కిన ముసలాయన తడిసిన గొంగడి మా ఇద్దరి నడుమ పెట్టాడు.

"జర జరుగు, ఇది గూడ కూసుంటది."

"దీనికి టికెట్ తీసినవా?"

"చంటిది గద, అడగరు."

పాల్వంచ దాటాక అడవి కిటికీల మీదకు వంగింది. చెట్లు వెనక్కి నడుస్తున్నట్టే ఉంది. ఆ పచ్చటి మగతలోనే నది దాటాం.

మధ్యాహ్నం అక్క ఇంట్లో జొన్నరొట్టె తిని అక్క, బావ, నేను చెలకకు వెళ్లాం. వానకే పండే వాలు మెట్ట నేల. జొన్న సాళ్ల మధ్య అక్కడక్కడ కంది, కింద నేల కనబడకుండా అల్లుకున్న బబ్బెర తీగ, అదే అలసంద. పై అంచున పసుపు పూసిన బండ.

"మా పెండ్లినాడు ఇది లేదు తమ్మీ" అంది అక్క.

"స్వామి ఏటా పెరుగుతుండు" అన్నాడు బావ. ఏటా విత్తే ముందు నేలకు ఆనించి దాని మీద ఎర్రమట్టి జాజుతో గీత గీస్తాడట. పాత గీతలు వెలిసినా ఆనవాళ్లున్నాయి. అన్నిటికంటే పైది ఆయన మోకాలెత్తున ఉంది.

వేళ్లు పెట్టి కొలిచాను. పై గీతల మధ్య రెండేసి వేళ్ల ఎడం. కిందివి దాదాపు అంటుకున్నాయి.

"పైవి ఎప్పటివి బావా?"

"ఒట్టి పత్తి ఏసినప్పటివి. అప్పుడు స్వామి మస్తు పెరిగిండు. మీ అక్క ఈ తీగ పెట్టినంక పెరుగుడే బందయింది. జొన్న కంకి గూడ సన్నగైంది. రేపు కూలోళ్లొస్తరు, పీకిస్త."

"బండ పెరగలే బావా. మన్ను దిగింది."

వాన పెద్దదైంది. పక్కనున్న ఉత్త బాటలో నీళ్లు చిక్కగా, ఎర్రగా పరుగెత్తాయి. తీగల కిందనుంచి మాత్రం సన్నగా, తేటగా, తొందర లేకుండా వచ్చాయి. బావ పై గీతకు సమంగా అరచేయి గాలిలో చాపాడు. ఆ వానలో నాకూ కనబడింది: పాత చెలక, మోకాలెత్తున తేలుతూ, జొన్నల నడుమ.

"గిదంత ఏడికి పోయిందిరా?" అన్నాడు బావ.

"గోదారిల దేవులాడుకో పో" అంది అక్క.

"మరి నా జొన్న?"

జొన్న కొంత తగ్గే మాట నిజమేనని చెప్పాను. బబ్బెర్లు, ఆ వెనక వచ్చే కంది కలిపితే ఒట్టి జొన్న కంటే ఎక్కువే. పోయిన మట్టిని ఏ లెక్కలో వేయాలో మాత్రం నాకు తెలియలేదు.



"కూలోళ్లను రావద్దను" అన్నాడు బావ అక్కతో. తర్వాత బండకు దండం పెట్టి, "ఇగ చాలు స్వామీ, గీడనే ఉండు" అన్నాడు.

మర్నాడు ఉదయం తిరుగు బస్సు. వంతెన మీద అందరూ గుడివైపు చేతులు జోడించారు, నేనూ జోడించాను. కింద గోదావరి ఎర్రగా, నిండుగా, ఎన్నో ఊళ్ల చెలకలను మోస్తూ పోతోంది. ఆ దారిన వానాకాలంలో వెళ్లేవారు కిటికీ పక్కన కూర్చోండి. మన నేల మన కళ్లముందే ప్రయాణం చేస్తుంటుంది.

అక్క ఇచ్చిన బబ్బెర కాయల మూట ఒళ్లో పెట్టుకున్నాను. అడవిలో చెట్లు మళ్లీ వెనక్కి నడవసాగాయి. ఈసారి నేను నమ్మలేదు, కదులుతున్నది మేమే.