గోడ ఆపిన రెక్క

విమానం ఇంజిన్‌లో గిర్రున తిరిగే రెక్క విరిగితే, ఆ ముక్క చుట్టూ ఉన్న లోహపు తొడుగును చీల్చుకుని బయటికి రాకుండా చూడటం ఆయన ఉద్యోగం. ముప్ఫయ్యేళ్లుగా అదే పని కాబట్టి, తిరిగేదేదీ ఆయన నమ్మడు. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చోడు. భార్య మిక్సీ వేస్తే గుమ్మం అవతల నిలబడి, "మూత గట్టిగా పట్టుకో!" అని కేకేస్తాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. లోపలిది బయటపడకూడదన్నదే ఆయన సిద్ధాంతం.

మొన్నామధ్య కొత్త ఇంజిన్‌కు పరీక్ష పెట్టి, కావాలనే రెక్క విరగ్గొట్టారు. అది తొడుగును కాగితంలా చింపేసి, పరీక్ష గది గోడలో జానెడు లోతున దిగబడింది. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. ఈయన మాత్రం గొంతు సవరించుకుని, "ముక్క గది దాటలేదు. ఫలితం సంతృప్తికరం" అని రిపోర్టు రాయించాడు.

"సార్, విమానం చుట్టూ గోడ ఉండదు కదండీ?" అంది కొత్తగా చేరిన ఇంజినీరమ్మాయి.

"నీకింకా అనుభవం చాలదమ్మా," అంటూ సంతకం గీకేశాడు.

ఆ ఇంజిన్ విమానమెక్కింది. మొదటి ప్రయాణానికి కంపెనీ ఆయన్ని భార్యతో సహా పిలిచింది. ఆయన ఇంజిన్ పక్క వరుసలన్నీ వదిలేసి, ఏరికోరి తోక దగ్గర సీట్లు అడిగి పుచ్చుకున్నాడు.

"ముందంతా ఖాళీయే కదండీ, ఇంత వెనకెందుకు?" అంది భార్య.

"ఇక్కడైతే గాలి బాగా వస్తుంది."

ఆవిడ మూసి ఉన్న కిటికీ వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఇంజిన్ హోరు మొదలవగానే ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మూత గట్టిగా పట్టుకున్నారా?"

ఆయన మెడ దగ్గరి గుండీ విప్పుకున్నాడు.